నోరులేని జీవికి మనం జవాబుదారులం

సికింద్రాబాద్‌లోని తిరుమలగిరి నుంచి ఒక సోదరుడు ఈమధ్య మమ్మల్ని కలవడానికి వచ్చారు. వెంట డిగ్రీ చదువుతున్న కొడుకు కూడా ఉన్నాడు. ఆ అబ్బాయి స్నేహితుడొకడు పై చదువులకు అమెరికా వెళ్తున్నాడట. అతని దగ్గర మూడేళ్ళుగా ఒక పాము ఉంది. దాన్ని బాల్ పైథాన్ అంటారు. అద్దాల పెట్టెతో సహా ఉచితంగా ఇస్తాను, నువ్వు పెంచుకో అన్నాడట.

"అబ్బాజాన్! దానికి విషం లేదు. అరవదు, ఇల్లు పాడుచేయదు. పది పదిహేను రోజులకు ఒకసారి తిండి పెడితే చాలు" అన్నది కొడుకు వాదన. "పామున్న ఇంట్లో నేనుండను" అన్నది తల్లి మాట. ఇద్దరి మధ్యా నలిగిన తండ్రి మమ్మల్ని అడిగింది ఒక్కటే: "ఇది ధర్మసమ్మతమా, నిషిద్ధమా? ఒక్క ముక్కలో చెప్పేయండి."

ఒక్క ముక్కలో చెప్పి పంపవచ్చు. కానీ ఆ అబ్బాయి జేబులోంచి ఒక కాగితం తీసి మా ముందు పెట్టాడు. పామును తెచ్చే ముందు ఏమేం సిద్ధం చేయాలో శ్రద్ధగా రాసుకున్న జాబితా అది. దాన్ని చదివాక, సమాధానం ఒక్క ముక్కలో ముగించడం న్యాయం కాదనిపించింది. ఎందుకంటే ఒక ప్రాణిని తెచ్చుకునే ముందు సిద్ధపడాలి అన్న ఆలోచన రావడమే మంచి లక్షణం. అయితే ఆ సిద్ధపాటు ఎంతవరకు వెళ్ళాలన్నదే అసలు ప్రశ్న.

ఏమిటీ జీవి?

బాల్ పైథాన్ మన దేశపు పాము కాదు. పశ్చిమ, మధ్య ఆఫ్రికాలోని గడ్డి మైదానాలు దాని నివాసం. ఎలుక బొరియల్లో, చెదపుట్టల్లో పగలంతా దాగి, రాత్రిపూట వేటకు బయలుదేరుతుంది. సాధారణంగా మూడు నుంచి ఐదు అడుగుల పొడవు పెరుగుతుంది. విషం లేదన్న మాట నిజమే. మన కొండచిలువకు చిన్న చుట్టం అనుకోవచ్చు.

దానికి ఆ పేరు రావడానికి కారణం ఉంది. భయం వేసినప్పుడు అది తల లోపల దాచుకుని బంతిలా చుట్టుకుపోతుంది. చేతిలో అలా ముడుచుకుని ఉన్న పామును చూసి "ఎంత సాధువో! నన్ను ఎంత నమ్మిందో!" అని మురిసిపోయేవారున్నారు. కానీ చాలాసార్లు అది నమ్మకం కాదు, భయం. ఆ జీవికి అరవడం రాదు. కనురెప్పలు కూడా లేవు, కన్నీళ్ళు కార్చలేదు. తిండి మానేయడం, పెట్టె గోడకు ముక్కు రాసుకోవడం లాంటి గుర్తులే దాని ఫిర్యాదు. వాటిని చదవడం వచ్చినవాడికే అది అర్థమవుతుంది.

జాబితాలో ఉన్నవి

ఆ అబ్బాయి రాసుకున్నవి చాలావరకు సరైనవే. మూత గట్టిగా బిగిసే పెట్టె కావాలి. పెట్టెలో ఒకవైపు 31, 32 డిగ్రీల సెల్సియస్ వెచ్చదనం, మరోవైపు 25, 26 డిగ్రీల చల్లదనం ఉండాలి. పాము ఒంట్లో మనలాగా వేడి పుట్టదు. అది వెచ్చని చోటుకీ చల్లని చోటుకీ మారుతూ తన ఒంటిని సర్దుకుంటుంది. అందుకే రెండువైపులా దాక్కోవడానికి చెరొక గూడు ఉండాలి. వేడిని అదుపులో పెట్టే థర్మోస్టాట్ లేకపోతే పొట్ట కాలి పుండ్లు పడతాయి. గాలిలో తేమ 60 శాతం దరిదాపుల్లో ఉండాలి. తేమ తగ్గితే కుబుసం ముక్కలు ముక్కలుగా ఊడుతుంది. ఎప్పుడూ శుభ్రమైన నీరుండాలి.

ఇక్కడ మేము కొన్ని ప్రశ్నలు వేశాం. మే నెలలో మన జంటనగరాల్లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ఆ పెట్టె ఉన్న గదిని చల్లగా ఎలా ఉంచుతావు? డిసెంబరు రాత్రి చలిలో కరెంటు పోతే వెచ్చదనం ఎక్కడి నుంచి తెస్తావు? ఇంటిల్లిపాదీ ఉమ్రాకు వెళ్తే దానికెవరు దిక్కు? జబ్బు చేస్తే, పాములకు వైద్యం తెలిసిన పశువైద్యుణ్ణి ముందే వెతికి పెట్టుకున్నావా?

తిండి సంగతి వచ్చేసరికి అబ్బాయి కాస్త తడబడ్డాడు. పాము తినేది ఎలుకలను. చచ్చిన ఎలుకలను ఫ్రీజర్‌లో నిల్వ ఉంచి, కరిగించి, వెచ్చబరచి పెట్టాలి. "ఏ ఫ్రీజర్‌లో? అమ్మ మాంసం దాచే ఫ్రీజర్‌లోనా?" అని అడిగాం. చచ్చిన ఎలుక అపరిశుద్ధమని, ఇంటివాళ్ళ ఆహారం పక్కన దానికి చోటు లేదని వేరే చెప్పనక్కరలేదు. ప్రాణమున్న ఎలుకను పెట్టెలో వదిలి, స్నేహితులను పిలిచి తమాషా చూపించడం అంతకంటే ఘోరం. మూలకు చిక్కిన ఎలుక పామును కూడా కొరుకుతుంది. రెండు ప్రాణాలు హింస పడుతుంటే అది చూసేవారికి వినోదం!

మరో సంగతి కూడా ఉంది. పాములు, తాబేళ్ళు, బల్లుల ఒంటి మీద సాల్మొనెల్లా అనే సూక్ష్మక్రిమి ఉండవచ్చు. అందుకే ఐదేళ్ళలోపు పిల్లలున్న ఇళ్ళలో ఇలాంటి ప్రాణులను ఉంచవద్దని అమెరికాలోని వ్యాధుల నియంత్రణ, నివారణ కేంద్రం సలహా ఇస్తోంది. వృద్ధులకు, రోగనిరోధక శక్తి తగ్గినవారికి కూడా ప్రమాదమే. ఆ ఇంట్లో నాయనమ్మ ఉన్నారు, అక్క బిడ్డ నెలల పసికందు.

జాబితాలో లేనిది

ఆ కాగితంలో పెట్టె ఉంది, దీపం ఉంది, నీళ్ళ గిన్నె ఉంది. లేనిది ఒక్కటే: కాలం.

బాల్ పైథాన్ మనుషుల సంరక్షణలో ఇరవై, ముప్ఫై ఏళ్ళు బతుకుతుంది. అమెరికాలోని సెయింట్ లూయిస్ జంతు ప్రదర్శనశాలకు 1961లో ఒక వ్యక్తి ఇచ్చిన ఆడ బాల్ పైథాన్ 2020లో గుడ్లు పెట్టింది. అప్పటికి దాని వయసు అరవై ఏళ్ళు దాటిందని అక్కడివారు అంచనా వేశారు. ఒక యువకుడు ముచ్చటపడి తెచ్చుకున్న పాము అతని పెళ్ళిని, పిల్లలను, చివరికి అతని ముసలితనాన్ని కూడా చూడవచ్చన్నమాట!

"నాయనా! నీ స్నేహితుడు చదువు కోసం మూడేళ్ళకే దాన్ని వదిలి వెళ్తున్నాడు. రేపు నీకూ ఉద్యోగం దుబాయ్‌లోనో, బెంగళూరులోనో రావచ్చు. నీ ఇంటికి వచ్చే అమ్మాయి మీ అమ్మలాగే భయపడవచ్చు. అప్పుడు నువ్వు దాన్ని ఎవరికి ఉచితంగా ఇస్తావు?" అని అడిగాం. అబ్బాయి తలవంచుకున్నాడు.

ధర్మం ఏమి బోధిస్తోంది?

ఒక స్త్రీ పిల్లిని కట్టిపడేసి నరకం పాలైన ఉదంతం బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాల్లో ఉంది. మనం పిల్లలకు తరచూ చెప్పేదే. కానీ అందులో మనం గమనించవలసిన సూక్ష్మం ఒకటుంది. ఆమె దానికి తిండి పెట్టలేదు. పోనీ, నేల మీది పురుగూ పుట్రా ఏరుకుని తిననివ్వనూ లేదు. దాని పోషణ దారి మూసేసి, ఆ భారం తాను మోయకపోవడమే ఆమె నేరం. పెట్టె మూత బిగించిన క్షణం నుంచి లోపలి జీవి ఆకలి, దప్పిక, చలి, వేడి అన్నీ బిగించినవాడి లెక్కలోకి వస్తాయి.

హజ్రత్ అనస్ (రజి) చిన్న తమ్ముడి దగ్గర ఒక బుల్లి పిట్ట ఉండేది. అది చనిపోతే దైవప్రవక్త (స) ఆ పసివాణ్ణి ఆప్యాయంగా పలకరించి ఓదార్చారు. దీన్నిబట్టి, సరిగా చూసుకోగలిగితే పిట్టను పెంచుకోవడంలో తప్పు లేదని ధర్మవేత్తలు చెప్పారు. అలాగే, ఒక అన్సారీ సోదరుని తోటలో ఒంటె కన్నీరు కారుస్తుంటే ప్రవక్త (స) దాని తల నిమిరి, ఈ నోరులేని జీవి విషయంలో అల్లాహ్‌కు భయపడవా అని యజమానిని మందలించారు. ఒంటె కనీసం కన్నీరు కార్చగలిగింది. కన్నీరే లేని జీవి విషయంలో ఇంకెంత భయపడాలి!

అయితే పాము విషయం పిట్ట లాంటిది కాదు. నమాజులో ఉన్నా సరే, పామును, తేలును చంపడానికి అనుమతి ఉంది. ఇళ్ళలో కనిపించే పాములను మాత్రం తొందరపడి చంపవద్దని, ముందు హెచ్చరించమని మదీనావాసులకు ఆదేశం ఉంది. ఏ జీవుల హాని నుంచి కాపాడుకోవడానికి వాటిని చంపమన్నారో, ఆ జీవులను ఇంట్లో పెంచుకోవడం తగదని పలువురు ధర్మవేత్తలు నిర్ణయించారు. "దీనికి విషం లేదు కదా" అన్న ప్రశ్నను మీకు నమ్మకమున్న ఆలిమ్ ముందు పెట్టి తేల్చుకోండి. ఫోన్లో చూసిన వీడియో దానికి ప్రమాణం కాదు.

కాగితాలు ఉన్నాయా?

వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో వచ్చింది. 2022లో చేసిన సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం బాల్ పైథాన్ లాంటి విదేశీ జీవులు కూడా చట్టం నాల్గవ షెడ్యూలు కిందికి వచ్చాయి. 2024 ఫిబ్రవరిలో వెలువడిన నియమాల ప్రకారం అలాంటి ప్రాణి దగ్గరున్నవారు ప్రభుత్వ పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. అది చేతులు మారినా, పిల్లలు పెట్టినా, చనిపోయినా తెలియజేయాలి. ఇక మన దేశపు కొండచిలువను పట్టి ఉంచుకోవడం మొదటి షెడ్యూలు కింద నేరం. దానికి మూడు నుంచి ఏడేళ్ళ వరకు జైలుశిక్ష పడవచ్చు.

ఇవి వట్టి కాగితాలే కదా అనుకోకండి. 2023 సెప్టెంబరులో బెంగళూరు విమానాశ్రయంలో బ్యాంకాక్ నుంచి వచ్చిన సామానులో 78 జీవులు దొరికాయి. వాటిలో 55 బాల్ పైథాన్లు, 17 రాచనాగులు ఉన్నాయి. మిగతా ఆరు కపుచిన్ కోతులు. ఆ ఆరూ చనిపోయి ఉన్నాయి. కాగితం లేని పాము ఇలాంటి పెట్టె లోంచి వచ్చిందో కాదో కొన్నవాడు చెప్పలేడు. చిత్రమైన రంగుల కోసం పుట్టించే రకాల్లో 'స్పైడర్' అనే దానికి పుట్టుకతోనే తల వణుకుతుంటుంది, ఒక్కోసారి తలకిందులైపోతుంది. ఎంతో అందంగా ఉందని మనం కొనే చర్మం కోసం ఆ జీవి జీవితాంతం అవస్థ పడుతుంది.

పొరుగువారి హక్కు

తిరుమలగిరి, లాల్‌బజార్, అల్వాల్ ప్రాంతాల్లో వానాకాలం పాములు కనిపించడం మామూలే. 2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాటుకు సుమారు 12 లక్షల మంది బలయ్యారని 2020లో వెలువడిన ఒక అధ్యయనం అంచనా వేసింది. కాబట్టి పొరుగువారి భయాన్ని అజ్ఞానమని కొట్టిపారేయలేం. పెట్టె మూత ఒక్క రాత్రి వదులైతే, పాము పక్కింటి స్నానాలగదిలో తేలుతుంది. ఆ ఇంటివారి గుండె ఆగినంత పనవుతుంది. వారికి అది ఆఫ్రికా పామో, రక్తపింజరో ఎలా తెలుస్తుంది? కర్ర తీసుకుంటారు. భయపడ్డ పొరుగువారూ, చచ్చిన పామూ రెండూ మన ఖాతాలోనే పడతాయి.

మరి ఆ పాము గతి?

అబ్బాయి చివరగా అడిగిన ప్రశ్న మమ్మల్ని నిజంగా ఆలోచింపజేసింది. "నేను కాదంటే దానికి ఎవరున్నారు? నా స్నేహితుడు దాన్ని కంటోన్మెంట్ పొదల్లో వదిలేస్తానంటున్నాడు."

అలా వదలడం స్వేచ్ఛనివ్వడం కాదు. పెట్టెలో పెరిగిన పరాయి దేశపు పాము ఇక్కడ ఆకలికో, చలికో, కర్రకో బలవుతుంది. తన జబ్బులను ఇక్కడి పాములకు అంటించవచ్చు కూడా. అది మొదటి అన్యాయం మీద రెండో అన్యాయం.

స్నేహితుడి దగ్గర నమోదు కాగితం లేదని విచారిస్తే తేలింది. కేసవుతుందని అతనికి భయం. అందుకే ఉచితంగా ఇస్తానంటున్నాడు. మేము చెప్పింది ఇదీ: "కానుక పేరుతో అతను నీకిస్తున్నది తన జవాబుదారీని. దాన్ని నువ్వు తీసుకుంటే అతనికి మేలు చేసినట్టు కాదు. అతణ్ణి ఒంటరిగా వదిలినా మేలు చేసినట్టు కాదు. విమానం ఎక్కే లోపు ఒక న్యాయవాదిని అడిగి, అటవీశాఖకు నిజం చెప్పమను. ఆ రోజు నువ్వూ అతని వెంట వెళ్ళు." అబ్బాయి కాసేపు మౌనంగా ఉండి, "వెళ్తాను" అన్నాడు. పామును తెచ్చుకోవడం కంటే ఆ మాట అనడానికే ఎక్కువ ధైర్యం కావాలి.

పాముల మీద ఆ అబ్బాయికున్న ప్రేమ పాడు కాకూడదని కూడా మా కోరిక. అల్లాహ్ సృష్టిని చూసి అబ్బురపడటం విశ్వాసి లక్షణం. అందుకు దాన్ని బంధించనక్కరలేదు. హైదరాబాదులో 1995 నుంచి ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ పనిచేస్తోంది. ఇళ్ళలో దూరిన పాములను దాని కార్యకర్తలు పట్టి, ప్రాణంతో అడవికి చేరుస్తారు. జెర్రిపోతుకు, నీరుకట్టెకు విషం లేదని, నాగుపాము, కట్లపాము, రక్తపింజరి దగ్గరకు పోకూడదని తెలిసిన యువకుడు వీధికొకడుంటే, ఎన్ని మనుషుల ప్రాణాలు, ఎన్ని పాముల ప్రాణాలు దక్కుతాయి!

సోదర సోదరీమణులారా! మీ పిల్లలు చేపనో, పిట్టనో, పిల్లినో అడిగినా ఇదే లెక్క వేయించండి. "ఏమేం కొనాలి?" అని మాత్రమే కాకుండా, "ఎన్నేళ్ళు? నేను లేనప్పుడు ఎవరు? ఇంట్లోవాళ్ళకూ పొరుగువారికీ సమ్మతమేనా? ఇది ఎక్కడి నుంచి వచ్చింది?" అని కూడా కాగితం మీద రాయించండి. నిజాయితీగా సిద్ధపడినవాడు ఒక్కోసారి "ఇది నావల్ల కాదు" అన్న నిర్ణయానికి వస్తాడు. అది ఓటమి కాదు. మోయలేని అమానత్‌ను ఎత్తుకోకపోవడం కూడా ఆ జీవి పట్ల దయే.

నోరులేని జీవుల విషయంలో తనకు భయపడే మనసును, మోయగలిగినంతే తలకెత్తుకునే వివేకాన్ని అల్లాహ్ మనకూ మన పిల్లలకూ ప్రసాదించుగాక! ఆమీన్.