గాజుతొట్టిలో వాలుగ

ఇంట గాజుతొట్టి యుంచి వాలుగను పెంచుట కొందరికి వేడుక. పగలు అడుగున కదలక పడియుండి రాత్రి వేటాడు చేప అది. దాని నోరు కన్నులు దాటి చీలియుండును, చిన్నచేపలు ముఖ్యాహారము.

తత్త్వార్థసూత్రమున అహింసాణువ్రతమునకు చెప్పిన ఐదు అతిచారములలో బంధమొకటి, అన్నపాననిరోధమొకటి. తొట్టిలో నుంచుటతోనే మొదటిది తగులును. మేత మానినచో రెండవది. మేత వేసినచో పంచేంద్రియజీవి ప్రాణము పోవును. చచ్చిన చేపను కొని వేసినను దాని నెవరో చంపవలసినదే గదా! వాలుగ దోషమేమున్నది? అది జన్మస్వభావమున తినును. చిరుచేపలను బేరమాడి తెచ్చు చేయి శ్రావకునిది.

హింసకజీవుల పోషణమును కర్మాదానములలో చేర్చిన పెద్దలు వ్యాపారమును ఉద్దేశించిరి, ఇది వేడుకయే యని కొందరి సమాధానము. దమ్మిడీ లాభము లేని హింసకు అనర్థదండమని వేరే పేరున్నది. వర్తకులకు ఆ పద్దు తెలియనిది కాదు. విసిగి చెరువున విడిచినను, మీటరుకు మించి పెరుగగల ఆ చేప అక్కడి చిరుచేపలనే తినును.