వైద్య పరిశోధనలో స్త్రీ: చేర్చడం, చూడడం, అడగడం – ఒక నైతిక విచారణ

ఉపోద్ఘాతం

తెలుగు వ్యాకరణం నామవాచకాలను మహత్తులు, అమహత్తులు అని విభజించింది. ఏకవచనంలో స్త్రీవాచకానికి ప్రత్యేకమైన క్రియారూపం లేదు. ‘అతడు వచ్చాడు’ అన్నది మహద్రూపం. ‘ఆమె వచ్చింది’, ‘బండి వచ్చింది’ అన్నవాటికి క్రియ ఒక్కటే. బహువచనంలో ఆమె మహత్తులతో కలిసి ‘వారు వచ్చారు’ అవుతుంది. ఒక్కతిగా ఉంటే మనుష్యేతరాలతో జత. పదిమందిలో ఉంటే మహద్రూపంలో లీనం. వ్యాకరణ రూపం సమాజ నీతికి సాక్ష్యం కాదు. స్త్రీకి వేరే క్రియారూపమున్న తమిళంలో సమాజం వేరే విధంగా ఏర్పడిందని ఎవరూ అనరు. అయితే ఆధునిక జీవవైద్య పరిశోధన స్త్రీ శరీరాన్ని చూసిన తీరును గ్రహించడానికి ఈ రెండు స్థితులు ఉపమానంగా పనికివస్తాయి. మొదట ఆమెను వేరుచేసి పక్కన పెట్టారు. తరువాత చేర్చుకొని మొత్తంలో కలిపేశారు. ఈ రెండింటిలోని నైతిక లోపాన్ని పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

రక్షణ పేరిట వర్జనం

1957లో పశ్చిమ జర్మనీలో అమ్మకానికి వచ్చిన థాలిడోమైడ్‌ను గర్భిణులు వేవిళ్ల ఉపశమనానికి కూడా వాడారు. అవయవ లోపాలతో వేలాది శిశువులు జన్మించాక 1961లో దానిని అక్కడ ఉపసంహరించారు. ఆ విషాదం మిగిల్చిన భయం 1977 నాటి అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ మార్గదర్శకంలో కనిపిస్తుంది. గర్భధారణకు అవకాశమున్న స్త్రీలను ఔషధ ప్రయోగాల తొలి దశల నుంచి మినహాయించాలని అది సూచించింది. గర్భనిరోధకాలు వాడేవారిని కూడా ఆ మినహాయింపులో చేర్చింది.

ఈ నిర్ణయం వెనుక ఉన్న ఆందోళన నిజమైనదే. లోపం తర్కంలో ఉంది. గర్భిణులు ప్రయోగాల్లో పాల్గొన్నందువల్ల థాలిడోమైడ్ విపత్తు రాలేదు. గర్భంపై దాని ప్రభావాన్ని తగినంతగా పరీక్షించకుండా అమ్మినందువల్ల వచ్చింది. కాబట్టి వర్జనం ప్రమాదాన్ని తొలగించలేదు, దాని చోటు మార్చింది. ప్రయోగంలో వైద్యుల పర్యవేక్షణలో, సమ్మతితో, కొద్దిమంది ఎదుర్కొనే ప్రమాదాన్ని, మందుల దుకాణంలో తెలియకుండా ఎందరో ఎదుర్కొనే ప్రమాదంగా మార్చింది.

పుట్టబోయే బిడ్డ సమ్మతి తెలపలేదు కదా అన్న అభ్యంతరం బలమైనదే. అది గర్భనిర్ధారణ పరీక్షలను, జంతువులపై ముందస్తు అధ్యయనాలను, అదనపు జాగ్రత్తలను సమర్థిస్తుంది. స్త్రీలందరినీ కాబోయే గర్భిణులుగా మాత్రమే చూడడాన్ని సమర్థించదు.

సంఖ్య – విశ్లేషణ

రోజు విడిచి రోజు ఆస్పిరిన్ తీసుకుంటే గుండెపోటు తగ్గుతుందా అన్న ప్రశ్నపై అమెరికాలో 22,071 మంది పురుష వైద్యులతో అధ్యయనం జరిగింది. మొదటి గుండెపోటు ముప్పు 44 శాతం తగ్గిందని 1989లో ప్రకటించారు. ఇదే ప్రశ్నపై 39,876 మంది స్త్రీలతో జరిగిన అధ్యయన ఫలితాలు 2005లో వెలువడ్డాయి. వారిలో గుండెపోటు ముప్పు చెప్పుకోదగినంతగా తగ్గలేదు. పక్షవాతం ముప్పు 17 శాతం తగ్గింది. రెండు అధ్యయనాల్లో మోతాదులు వేరు కనుక తేడా అంతా లింగభేదం వల్లనే అని చెప్పలేం. కాని పురుషుల ఫలితాన్ని మనుష్యులందరి ఫలితంగా చదవరాదని చెప్పవచ్చు.

ప్రభుత్వ నిధులతో జరిగే చికిత్సా పరిశోధనల్లో స్త్రీలను చేర్చాలని 1993లో అమెరికా చట్టం చేసింది. చేర్చడంతో సమస్య తీరలేదు. నిద్రమాత్ర జోల్పిడెమ్‌కు అక్కడ 1992లో అనుమతి లభించింది. స్త్రీల శరీరం నుంచి ఆ మందు మెల్లగా తొలగుతుందనీ, మరునాటి ఉదయం వాహనం నడిపేటప్పుడు కావలసిన చురుకుదనం తగ్గవచ్చుననీ చెబుతూ, వారి మోతాదును 10 మిల్లీగ్రాముల నుంచి 5కు తగ్గించాలని 2013లో సూచించారు. ఈ రెండు సంవత్సరాల మధ్య రెండు దశాబ్దాలున్నాయి. అందరికీ ఒకే మోతాదు ఇవ్వడం చూపుకు సమానత్వమే. కాని ఒకే కొలతను వేర్వేరు శరీరాలపై మోపినప్పుడు భారం సమానంగా పడదు.

ప్రయోగశాల జంతువుల విషయంలోనూ ఇదే ధోరణి. ఆడ ఎలుకల రుతుచక్రం ఫలితాలను అస్థిరం చేస్తుందని పరిశోధకులు మగ ఎలుకలను ఎంచుకునేవారు. అచ్చయిన అధ్యయనాలను క్రోడీకరించిన 2014 నాటి పరిశీలన, ఆడ చిట్టెలుకల్లో వైవిధ్యం మగవాటికంటే ఎక్కువ కాదని తేల్చింది. మగదేహం స్థిరం, ఆడదేహం దానికి వికారం అన్న భావన అలా పరీక్షకు నిలవలేదు.

సమ్మతి

చేర్చుకోవడమే న్యాయమైతే ఖమ్మం ఉదంతాన్ని న్యాయమే అనవలసి వస్తుంది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ నివారణకు ఉద్దేశించిన హెచ్.పి.వి. టీకాను 2009లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో 10–14 ఏళ్ల బాలికలకు ఒక అధ్యయనంలో భాగంగా వేశారు. వారిలో గిరిజన బాలికలు ఎందరో. 2010లో ఆ కార్యక్రమాన్ని నిలిపివేశారు. ఆ కాలంలో సంభవించిన మరణాలకూ టీకాకూ సంబంధం కనబడలేదని విచారణ సంఘం చెప్పినా, సమ్మతి ప్రశ్న మిగిలింది. తల్లిదండ్రులకు బదులు వసతిగృహ సంరక్షకులు, ప్రధానోపాధ్యాయులు సమ్మతి పత్రాలపై సంతకాలు చేయడాన్ని 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం తప్పుపట్టింది. ఇక్కడ స్త్రీ శరీరం పరిశోధనలో ఉంది. ఆమె పక్షాన మాట మాత్రం లేదు.

ముగింపు

1977 మార్గదర్శకమూ ఖమ్మం ఉదంతమూ పైకి పరస్పర విరుద్ధాలు. ఒకటి స్త్రీలను బయట ఉంచింది, మరొకటి లోపలికి తెచ్చింది. రెండింటిలోనూ నిర్ణయం ఆమె బదులు ఇతరులదే. కాబట్టి పరిశోధనలో స్త్రీలు ఎందరున్నారన్నది మొదటి ప్రశ్న మాత్రమే. వారి ఫలితాలను విడిగా చూశారా, పాల్గొనడానికి ముందు వారికి అర్థమయ్యే భాషలో చెప్పి వారిని, వారు పిల్లలైతే తల్లిదండ్రులను కూడా, అడిగారా అన్నవి దాని వెంట రావలసిన ప్రశ్నలు. ‘వారు’ అన్న బహువచనంలో ఎవరెవరున్నారో వ్యాకరణం చెప్పనక్కరలేదు. మందు మోతాదు నిర్ణయించే శాస్త్రం చెప్పి తీరాలి.