తిన్నని వీధిలో సౌలు

ధ్యానభాగం: అపొస్తలుల కార్యములు 9:10–19, 26–28

పంజాగుట్టలో ఒక ఇల్లు అనుకుందాం. ఇంటావిడకు మోకాళ్ల నొప్పులు. మందిరానికి వెళ్లలేక, సంఘం వెబ్‌సైట్‌లో వచ్చే ఆదివారం ఆరాధనను ఇంట్లో ఉన్న పాత కంప్యూటర్‌లో పెద్ద తెర మీద చూసుకుంటుంది. ఆ సైట్ తెరుచుకోవడం లేదు. కాసేపు చక్రం తిరుగుతుంది, ఆ తర్వాత సైట్‌ను చేరుకోలేకపోతున్నామన్న ముక్క కనబడుతుంది. పై వాటాలో అద్దెకుంటున్న కుర్రాడు అమీర్‌పేటలో హార్డ్‌వేర్, నెట్‌వర్కింగ్ కోర్సు చేస్తున్నాడు. పిలిస్తే వచ్చి, కుర్చీలో కూర్చోకముందే అడిగాడు.

"ఆంటీ, మీ ఫోన్లో వస్తోందా?"

"ఫోన్ల మంచిగనే వస్తుంది బిడ్డా. గీ కంప్యూటర్లనే వస్తలేదు."

"ఫోన్‌కి కూడా ఇదే వైఫైనా?"

"గదే."

"అయితే సైట్ బాగానే ఉందండీ. లైనూ బాగానే ఉంది. తేడా ఈ పెట్టెలోనే ఉంది."

ఆ కుర్రాడు చదువుతున్న చోటు మనకు తెలిసిందే. మైత్రీవనం చుట్టుపక్కల, ఆదిత్య ఎన్‌క్లేవ్ సందుల్లో, జావా, ఒరాకిల్, డాట్‌నెట్, శాప్ అంటూ బ్యానర్లు మేడల్ని కప్పేసి ఉంటాయి. ఆ మేడల మీద మన రెండు రాష్ట్రాల పిల్లలు ఒక తరమంతా కూర్చుని నేర్చుకున్నారు. ఏ కోర్సు ఎంతకాలం బతుకుతుందో గానీ, అక్కడ నేర్పే ఒక అలవాటు మాత్రం ఏ కాలానికైనా పనికొస్తుంది: కంపెనీవాణ్ణి తిట్టేముందు తేడా ఎక్కడ మొదలవుతోందో కనుక్కో. వేరే సైట్ వస్తోందా? వేరే పరికరంలో వస్తోందా? ఈ రెండు ప్రశ్నలతో సగం పని అయిపోతుంది. మన సంఘాల్లో తగాదాలు తీర్చే పెద్దలకు కూడా ఈ రెండు ప్రశ్నలు నేర్పితే బాగుండుననిపిస్తుంది.

కుర్రాడు ముందు గడియారం చూశాడు. పాత కంప్యూటర్లలో నాణెమంత బ్యాటరీ ఒకటి ఉంటుంది. అది చచ్చిపోతే యంత్రం తేదీ ఎన్నో ఏళ్లు వెనక్కి పోతుంది. అప్పుడు ఏ సైట్ చూపించిన భద్రతా పత్రమూ దాని లెక్క ప్రకారం చెల్లదు, మంచి సైట్లను కూడా నమ్మకూడదని హెచ్చరిస్తుంది. ఇక్కడ తేదీ సరిగ్గానే ఉంది. మిగతా సైట్లన్నీ వస్తున్నాయి. ఇక చిరునామా చూడాలి.

మనం టైపు చేసే పేరుతో కంప్యూటర్‌కు పనిలేదు. దానికి అంకెల చిరునామా కావాలి. ఒకప్పుడు నెట్‌వర్క్‌లో ఉన్న యంత్రాల పేర్లన్నీ ఒకే జాబితాలో ఉండేవి. కాలిఫోర్నియాలోని ఎస్‌ఆర్‌ఐ సంస్థలో ఎలిజబెత్ ఫైన్లర్ బృందం దాన్ని నిర్వహించేది, మిగతావాళ్లు నకలు తెచ్చుకునేవారు. యంత్రాలు పెరిగేకొద్దీ ఆ పద్ధతి చాలలేదు. 1983లో పాల్ మోకపెట్రిస్ రూపొందించిన డీఎన్ఎస్ పద్ధతి వచ్చాక ఎవరి పేరుకు వాళ్లే జవాబుదారీ. ఫలానా పేరు ఎక్కడుందని మన కంప్యూటర్ అడుగుతుంది, ప్రశ్న ఒక సర్వర్ నుంచి ఇంకో సర్వర్‌కు మెట్టు మెట్టుగా వెళ్లి జవాబు తెస్తుంది. ప్రతి జవాబుతో పాటు దాని గడువు కూడా సెకన్లలో రాసి వస్తుంది. 3,600 అని ఉంటే గంట, 86,400 అని ఉంటే ఒక రోజు. గడువు తీరేదాకా ఆ జవాబును దాచుకోవచ్చు, తీరాక మళ్లీ అడగాలి. నిన్నటి జవాబు ఇవాళ చెల్లకపోవచ్చని ఆ పద్ధతిని కట్టినవాళ్లకు ముందే తెలుసు.

కుర్రాడు ఆదేశాలు టైపు చేసే నల్ల కిటికీ తెరిచి, దాచుకున్న జవాబులన్నీ తుడిచేసే ఆదేశం ఇచ్చాడు. లాభం లేదు. పింగ్ కొడితే ఒక అంకె వచ్చింది. ఎన్ఎస్ లుకప్ కొడితే వేరే అంకె వచ్చింది. అక్కడ వాడి ముఖం వెలిగింది. ఎన్ఎస్ లుకప్ బయటి సర్వర్నే అడుగుతుంది. పింగ్ ముందు ఇంట్లో రాసిపెట్టుకున్న దాన్ని చూస్తుంది. అంటే ఈ పెట్టెలో ఎవరో చేత్తో చిరునామా రాసిపెట్టారు.

హోస్ట్స్ అని ఒక చిన్న ఫైలు. విండోస్ ఫోల్డర్ లోపల్లోపలికి వెళితే దొరుకుతుంది. డీఎన్ఎస్ రాకముందు నాటి ఆ ఉమ్మడి జాబితాకు వారసురాలు అనవచ్చు. అందులో ఉన్న పేరు గురించి కంప్యూటర్ బయట ఎవర్నీ అడగదు. ఆ రాతకు గడువు లేదు. కోర్సులు చేసే పిల్లలు తమ సైట్లు పరీక్షించుకోవడానికి అందులో వరసలు రాస్తుంటారు. ఈ ఇంటి పెద్దబ్బాయి ఒకప్పుడు సంఘం సైట్ తయారుచేస్తూ దాని చిరునామా అందులో రాసుకున్నాడు. తర్వాత సైట్ వేరే సర్వర్‌కు మారింది. సంగతి లోకమంతటికీ తెలిసింది, ఈ ఒక్క పెట్టెకు తప్ప.

అమీర్‌పేటవాళ్లకు ఇది వింత కాదు. సత్యం థియేటర్ పోయి, ఆ స్థలంలో 2023లో ఏఏఏ సినిమాస్ వచ్చింది. అయినా ఆటో ఎక్కి సత్యం థియేటర్ దగ్గర ఆపమనేవాళ్లున్నారు. హుడా 2008లో హెచ్‌ఎండీఏ అయింది, హుడా కాంప్లెక్స్ అన్న పేరు పోలేదు. ఆటోవాలా మన తరం వాడైతే చేరుస్తాడు. నష్టమేమీ లేదు. మనుషుల విషయానికొచ్చేసరికి మాత్రం నష్టం ఉంది.

ఇక దమస్కుకు వెళదాం. అక్కడ అననీయ అనే శిష్యుడున్నాడు. ధర్మశాస్త్రం ప్రకారం భక్తిపరుడనీ, ఊరి యూదులందరిలో మంచి పేరున్నవాడనీ తర్వాత పౌలుగా పేరుపొందిన సౌలే చెబుతాడు. ప్రభువు అతనికి దర్శనంలో పక్కాగా చిరునామా ఇచ్చాడు: వీధి పేరు, ఇంటి యజమాని పేరు, లోపల ఉన్న మనిషి పేరు, ఊరు. తూర్పు పడమరలుగా సాగే ఆ తిన్నని వీధి దమస్కు పాత నగరంలో ఇవాళ్టికీ ఉంది. యూదా అనేవాడి ఇల్లు, తార్సువాడైన సౌలు. దానికి తోడు తాజా సమాచారం ఒకటి: అతడు ప్రార్థన చేస్తున్నాడు.

అననీయ ఏమన్నాడు? తన దగ్గరున్న వివరం విప్పాడు. ఇతని గురించి చాలామంది చెప్పగా విన్నాను, యెరూషలేములో నీ పరిశుద్ధులకు ఎంత కీడు చేశాడో తెలుసు, ఇక్కడ కూడా నీ పేరున ప్రార్థించేవాళ్లను బంధించడానికి ప్రధాన యాజకుల దగ్గర అధికారం తెచ్చుకున్నాడు అన్నాడు. దేవుడికి సమాచారం తక్కువైందన్నట్టు మాట్లాడాడు పాపం. మనం కూడా ప్రార్థనలో చాలాసార్లు చేసే పని అదే గనుక నవ్వలేం.

నేను ఆగిపోయేది ఇక్కడ. అననీయ చెప్పినదాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు. సౌలు ఇళ్లలో జొరబడ్డాడు, ఆడవాళ్లనూ మగవాళ్లనూ ఈడ్చుకెళ్లాడు, ఉత్తరాలు తెచ్చుకున్నాడు. అన్నీ నిజాలే. మూడు రోజుల క్రితం, దమస్కు దారిలో ప్రభువు ఎదురై సౌలు చూపు పోయేవరకు నిజాలు. మనం మనుషుల మీద రాసిపెట్టుకున్నవి అంత గట్టిగా నిలబడేది కూడా అందుకే. అబద్ధమైతే ఎప్పుడో కొట్టేసి ఉండేవాళ్లం. తాగి ఇల్లు గుల్ల చేసిన తమ్ముడు తాగడం మానేసి చాలాకాలమైంది. ఇంట్లో డబ్బు కనబడకపోతే ఇప్పటికీ మొదట అతనివైపే చూస్తాం. చిట్టీ డబ్బు ఎగ్గొట్టిన బంధువు పైసా పైసా తీర్చేశాడు. మన ఫోన్‌లో అతని పేరు పక్కన "ఎత్తొద్దు" అని ఇంకా ఉంది. ఇంటర్ తప్పిన పిల్ల ఇప్పుడు నర్సుగా రాత్రి డ్యూటీలు చేస్తోంది. పెళ్లిళ్లలో పెద్దమ్మ అడిగేది ఆ ఇంటర్ గురించే. చిన్న కోపాలు వాటంతటవే గడువు తీరి పోతాయి. చేత్తో రాసినవి పోవు.

ప్రభువు మళ్లీ వెళ్లమన్నాడు. అననీయ వెళ్లాడు. చేతులుంచి, సహోదరుడా అని పిలిచాడు. పొలుసుల్లాంటివి రాలి చూపు వచ్చింది, బాప్తిస్మం అయింది, మూడు రోజులుగా పస్తున్న మనిషి అన్నం తిన్నాడు. ఒక ఇంట్లో వరస మారింది. యెరూషలేములో మారలేదు. మూడేళ్ల తర్వాత అక్కడికి వెళ్లానని గలతీయుల పత్రికలో పౌలు రాశాడు. అప్పటికీ శిష్యులందరూ అతన్ని చూసి భయపడ్డారని, శిష్యుడంటే నమ్మలేదని అపొస్తలుల కార్యములు చెబుతుంది. మూడేళ్లు!

వాళ్లను నేను తప్పు పట్టను. లూకా కూడా పట్టలేదు. బర్నబా వాళ్లను మందలించినట్టు ఎక్కడా లేదు. సౌలును వెంటబెట్టుకుని అపొస్తలుల దగ్గరికి వెళ్లి, దారిలో ప్రభువును ఎలా చూశాడో, దమస్కులో ఎంత ధైర్యంగా బోధించాడో వివరంగా చెప్పాడు. ఆధారాలు చూపించాడు. ఈ మాట ఎందుకంటే, ఇంట్లో దెబ్బలు తింటున్న ఆడపిల్లతో "పాతవన్నీ మరిచిపోమ్మా" అనేవాళ్లు మన మధ్య ఉన్నారు. ఇవాళ కూడా కొడుతున్న చేతి గురించి ఆమె దగ్గరున్నది పాత చిరునామా కాదు. సౌలు విషయంలో ప్రభువు వెళ్లమన్న మాటతో పాటే అతను ప్రార్థన చేస్తున్నాడన్న సంగతీ చెప్పాడు. ఆ రెంటినీ విడదీయకూడదు.

మళ్లీ ఆ ఫైలు సంగతి. పాత వరసను చెరిపేయాల్సిన పనిలేదు. దాని మొదట్లో ఒక హ్యాష్ గుర్తు పెడితే చాలు. అక్షరాలు అలాగే ఉంటాయి, ఎవరైనా చదువుకోవచ్చు, యంత్రం మాత్రం ఇక వాటిని ఆదేశంగా తీసుకోదు. పౌలు తన గతాన్ని ఇలాగే ఉంచుకున్నాడు. దేవుని సంఘాన్ని హింసించానని కొరింథీయులకు రాశాడు, గలతీయులకు రాశాడు, ముసలితనంలో తిమోతికి రాసిన ఉత్తరంలోనూ ఉంది. దాచలేదు, చెరపలేదు. ఆ వరసను బట్టి నడవడం మానేశాడంతే. క్షమించానంటూనే ఇంకా గుర్తొస్తోందే అని కుమిలిపోయేవాళ్లకు ఇది కాస్త ఊరట. గుర్తుండటం వేరు, దాని మాట వినడం వేరు.

హ్యాష్ గుర్తు పెట్టి సేవ్ కొడితే అనుమతి లేదంటుంది యంత్రం. ఆ ఫైలును మామూలుగా తెరిచిన వాళ్లెవరూ మార్చలేరు. మూసేసి, అడ్మినిస్ట్రేటర్ హక్కుతో మళ్లీ తెరవాలి. కొత్తవాళ్లు ఇక్కడే విసిగిపోతారు, నాలుగుసార్లు అదే మార్పు చేసి, సేవ్ కాలేదని గమనించకుండా బ్రౌజర్‌ను తిడతారు. రాత్రి ప్రార్థనలో క్షమించి, పొద్దున పాల ప్యాకెట్ దగ్గర అదే మనిషి ఎదురైతే ముఖం తిప్పుకునే మనకు ఈ చిక్కు బాగా తెలుసు. సౌలు గురించి అంతా తెలిసిన అననీయను ఆ వీధి దాకా నడిపించింది అతని మంచితనమొక్కటే అయ్యుంటే, దర్శనం అక్కర్లేదు.

ప్రార్థన: ప్రభువా, మా ఫోన్‌లో "ఎత్తొద్దు" అని రాసుకున్న ఆ ఒక్క పేరు నీకు తెలుసు. అతను ఇప్పుడు ఏ వీధిలో ఉన్నాడో, ఏం చేస్తున్నాడో మాకు తెలియదు, అడగనూ లేదు. మారి ఉంటే మాకు చెప్పు. చెప్పాక మేం పాత సంగతులు నీకే వినిపిస్తే ఓపిక పట్టి, మళ్లీ వెళ్లమను. ఆ పేరు మార్చి సేవ్ చేసే అధికారం మాకివ్వు. ఆమేన్.