భయాన్ని దాచకండి, ఇంట్లో చెప్పండి



2014 మే 25న మన గురుకుల పిల్లలు పూర్ణ, ఆనంద్‌కుమార్ ఎవరెస్టు ఎక్కారు. పూర్ణకు 13 ఏళ్లే. అంతకు నెల ముందు, ఏప్రిల్ 18న, అదే కొండకు నేపాల్ వైపు మంచుచరియలు విరిగిపడి 16 మంది నేపాలీ కార్మికులు చనిపోయారు. రేపు మీ బిడ్డ కొండెక్కుతానంటే ఏం చేస్తారు?

బోధికి ముందు సిద్ధార్థుడికీ రాత్రి అడవిలో భయం వేసింది. నడుస్తుండగా వస్తే ఆగిపోలేదు, నడుస్తూనే జయించాడు. ఇల్లు విడిచిందీ దొంగచాటుగా కాదు; యశోధరకు చెప్పి, ఆమె ఒప్పుకున్నాకే వెళ్లాడని బాబాసాహెబ్ రాశారు.

సాహసం చేసేవాళ్లు ప్రమాదం ఎంతో ఇంట్లో దాచకుండా చెప్పాలి. ఎక్కడ వెనక్కి తిరగాలో ముందే మాటివ్వాలి. పెద్దలు తమ భయంతో బిడ్డ కాళ్లు కట్టేయొద్దు. ఇద్దరికీ ఇదే అప్పమాదం, ఎరుకతో నడవడం.

భవతు సబ్బ మంగళం.