పని చెప్పకపోతే అదే వెతుక్కుంటుంది

ఒరే చిన్నా,

నిన్న ఫోన్‌లో నువ్వు చెప్పిందంతా విన్నాను. మీ కుక్కపిల్ల టైగరు కోళ్ల గంపని ముక్కుతో లేపి పిల్లల్ని బయటికి వదిలేశాడు. మీ నాన్న చెప్పు నోట కరుచుకుని చెరువు గట్టెక్కాడు. ఎండేసిన వల కొస కొరికి పీలికలు చేశాడు. కట్టేసి పడేయమని మీ నాన్న, ఏలూరులో ఎవరో ట్రైనరుకి అప్పజెబుదామని నువ్వు. ఇద్దరూ కాస్త ఆగండి. వాడికి పొగరూ లేదు, పిచ్చీ లేదు. పని లేదు, అంతే. తెలివైన కుక్కపిల్లకి మనం పని చెప్పకపోతే అదే ఒకటి వెతుక్కుంటుంది. అది వెతుక్కున్న పని మనకి నచ్చదు.

చెప్పు సంగతే చూడు. వాడు చెప్పు కరిచాడా, మీ అమ్మ కేక, మీ చెల్లి పరుగు, నాయనమ్మ చేతికర్ర, వెనకాల నువ్వు. ఇంటిల్లిపాదీ తన వెంట పడుతున్నారు. రెండున్నర నెలల పిల్లకి ఇంతకన్నా పసందైన ఆట ఇంకేముంటుంది? నేర్పింది మీరే. ఈసారి ఎత్తుకెళ్తే ఎవరూ కదలొద్దు. నువ్వొక్కడివే వాడికి అటువైపు తిరిగి చతికిలబడి, చేతిలో గుడ్డుముక్క పెట్టుకుని నేలమీద ఏదో గీస్తూ కూర్చో. వాడే వచ్చి చేతికింద దూరతాడు. చెప్పు వదిలిన క్షణంలో ముక్క నోట్లో పెట్టు. ఆ తర్వాత చెప్పులు మాత్రం గూట్లో పెట్టుకోవాలి, అది మీ ఇంట్లో మనుషులకి నేర్పాల్సిన పాఠం.

"ఊరకుక్కేగా తాతయ్యా, దీనికేం నేర్పుతాం" అన్నావు చూడు, ఆ మాట నాకు నచ్చలేదు. కలకత్తాలో ఐసర్ అనే సైన్సు విద్యాసంస్థలో అనిందితా భద్ర బృందం వీధికుక్కల మీదే ఒక పరీక్ష చేసి 2020లో ప్రచురించింది. మూతవేసిన రెండు గిన్నెలు పెట్టి, ముక్కూ మొహం తెలియని మనిషొకడు ఒకదానివైపు వేలు చూపించాడు. సుమారు సగం కుక్కలు భయపడి దగ్గరికే రాలేదు. వచ్చినవాటిలో దాదాపు 80 శాతం చూపిన గిన్నె దగ్గరికే వెళ్లాయి. వాటికి ఎవడూ ట్రైనింగ్ ఇవ్వలేదు, బిస్కెట్ల డబ్బా కొనలేదు. రానివి మనుషుల చేతిలో బాధపడి ఉండొచ్చని వాళ్ల అనుమానం. అంటే తెలివి గట్టుమీద పుట్టినవాడికీ ఉంది. అది బయటికి రావాలంటే ముందు మనిషంటే భయం ఉండకూడదు.

ఇక ఆటల మాట. ముందుగా ముక్కుతో మొదలుపెట్టు. పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుగా ఉన్నన్నాళ్లూ నేను చూసింది ఇదే: పరిగెత్తించి అలిసిపోజేద్దామనుకున్న కుక్క రోజురోజుకీ ఇంకా ఎక్కువ పరిగెత్తడం నేర్చుకుంటుంది, వాసన పట్టి వెతికిన కుక్క మాత్రం ఐదు నిమిషాల్లో అలిసి నిద్రపోతుంది. ఉడికిన గుడ్డుని శనగగింజంత ముక్కలు చెయ్యి. చేప పెట్టాలనుకుంటే శీలావతి వద్దు, సన్నముళ్లు ఎక్కువ. కొర్రమీను మేలుగానీ, కుక్కకి కొర్రమీను పెట్టేంత కలవారమా అని మీ నాయనమ్మ లేస్తుంది. గుడ్డు చాలు. పులుసులో ముక్క అసలు పెట్టొద్దు, ఉల్లిపాయ కుక్కలకి విషం. చక్రపొంగలిలో కిస్‌మిస్సూ అంతే, చాక్లెట్టూ అంతే.

మొదట వాడు చూస్తుండగానే ఒక ముక్క గుమ్మం పక్కన పెట్టి "వెతుకు" అను. దొరకగానే "శభాష్" అను. ఆ శభాష్ సరిగ్గా ముక్కు ముక్కకి తగిలిన క్షణంలోనే పడాలి. రెండు లెక్కపెట్టేంత ఆలస్యమైతే వాడు అప్పటికి వేరే పని చేస్తుంటాడు, మెచ్చుకోలు దానికి అంటుకుంటుంది. నాలుగైదుసార్లు అలా అయ్యాక వాణ్ణి గదిలో ఉంచి ముక్క దాచు. తర్వాత పీట కింద, గోనె మడతలో, పూలకుండీ వెనక. గమనించు, మొదట కళ్లతో వెతుకుతాడు, దిక్కుతోచక నీ మొహం చూస్తాడు. అప్పుడు చెప్పకు. కాసేపటికి తల కిందికి దించి ముక్కు పుటాలు చకచక ఆడిస్తాడు, శ్వాస శబ్దం వినిపిస్తుంది. తోక ఊపు మారుతుంది. అదిగో, అప్పుడు వాడి బుర్ర పనిచేస్తున్నట్టు.

మీ నాయనమ్మ అటక మీద వామనగుంటల పీట ఒకటి ఉండాలి, ఎవరూ ఆడటం లేదు కదా. దించి కడుగు. ఏడేసి గుంటలు రెండు వరసలు. నాలుగింట్లో ముక్కలు వేసి మొత్తం మీద పాత తువాలు కప్పు. ఎలా తియ్యాలో వాడే కనిపెడతాడు: ఒకడు కాలితో లాగుతాడు, ఒకడు ముక్కుతో ఎత్తుతాడు, ఒకడు తువాలు మొత్తం పట్టుకుని పారిపోతాడు. అది కూడా తెలివే. చింతపిక్కలూ గవ్వలూ మాత్రం ఆ చుట్టుపక్కల లేకుండా చూడు, గుటుక్కున మింగేస్తాడు. పీట దొరక్కపోతే గుంటపొంగణాల పెనం వాడుకో, అమ్మని అడిగి. మూడు కొబ్బరిచిప్పలు బోర్లించి ఒకదానికింద ముక్క పెట్టి తిప్పే ఆట వచ్చే నెలకి ఉంచు. ఇప్పుడే కష్టమైంది పెడితే విసుగెత్తి చిప్పని కొరుకుతాడు. పదిసార్లకి ఏడెనిమిదిసార్లు గెలిచేట్టు ఉండాలి, పిల్లవాడికి లెక్కలు నేర్పేటప్పుడూ అంతే.

ఎంతసేపు అంటావా, మూడు నిమిషాలు, మహా అయితే ఐదు. రోజుకి మూడు నాలుగుసార్లు. అదీ వాడు ఇంకా కావాలంటున్నప్పుడే ఆపెయ్. ఈ వయసులో రోజులో పద్ధెనిమిది గంటల దాకా నిద్ర కావాలి. సాయంత్రం ఒక్కసారిగా వెర్రెత్తినట్టు గిరగిరా తిరిగి కనపడ్డ కాలినల్లా పట్టుకుంటే ఆట చాల్లేదని కాదు, నిద్ర చాల్లేదని. ఈ ముక్కలన్నీ వాడి అన్నంలోంచి తగ్గించి లెక్కకట్టు, లేకపోతే పొట్ట చెడి ఆటా ఉండదు, పాటా ఉండదు.

నెత్తిమీద పెట్టుకోవాల్సిన పాఠం వేరే ఉంది: "వదిలెయ్". కూర్చో, చెయ్యివ్వు అనేవి చుట్టాలొచ్చినప్పుడు చూపించుకోవడానికి. మన కొల్లేటికోటలో కుక్కపిల్ల ప్రాణం నిలబెట్టేది వదిలెయ్. గట్టుమీద చచ్చిన చేప, చెరువుకి చల్లిన మందు సంచులు, మేత గోతాలు, నైలాన్ దారాలు, గాలం ముళ్లు, పొదల్లో పాము. నైలాన్ దారం పేగులో చుట్టుకుంటే కోసి తీయాల్సిందే. కాబట్టి ఇలా నేర్పు. గుప్పిట్లో ముక్క మూసి వాడి ముందు పెట్టు. నాకుతాడు, గోకుతాడు, మొరుగుతాడు. నువ్వు రాయిలా కూర్చో. ఎప్పుడో ఒకప్పుడు విసుగొచ్చి మూతి వెనక్కి తీస్తాడు. అప్పుడు "శభాష్", రెండో చేతిలోంచి మరో ముక్క. మూసిన గుప్పిట్లోది ఎప్పుడూ ఇవ్వకు. వదిలిపెడితే ఇంకో మంచిది దొరుకుతుందని వాడికి తెలియాలి. పిడికిలిలో కుదిరాక, నేలమీద కాలికింద, తర్వాత తెరిచిపెట్టి, ఆఖరికి గట్టుమీద నడుస్తూ. నోట్లోది లాక్కోవడం మాత్రం మానేయండి. లాక్కుంటే దొరికింది గబగబా మింగెయ్యాలని నేర్చుకుంటాడు.

"రా" అనే మాటని అగౌరవపరచొద్దు. రా అని పిలిచి తిట్టొద్దు, రా అని పిలిచి స్నానం చేయించొద్దు, రా అని పిలిచి కట్టెయ్యొద్దు. ఆ పనులున్నప్పుడు నువ్వే వెళ్లి ఎత్తుకో. రా అంటే ఎప్పుడూ పండగే. ఇంట్లో దాగుడుమూతలు ఆడండి: నువ్వు తలుపు చాటున, చెల్లి మంచం వెనక, ఒకరి తర్వాత ఒకరు పిలవండి. ఇద్దరి చేతుల్లోనూ ముక్కలుండాలి.

మాటలెన్ని నేర్చుకోగలడో అని అడిగావు. అమెరికాలో జాన్ పిల్లే అని రిటైరైన సైకాలజీ ప్రొఫెసర్, చేజర్ అనే బోర్డర్ కోలీకి మూడేళ్లపాటు రోజూ గంటలకొద్దీ కూర్చుని 1,022 బొమ్మల పేర్లు నేర్పాడు. 2011లో ఆ వివరమంతా అచ్చయింది. పిల్లే ఒక్కొక్క వస్తువుకి ఒక్కొక్క పేరే పెట్టి, వెతికి తెస్తే దాంతోనే ఆడేవాడు. మనకి మూడు చాలు ఈ ఏడాదికి: బంతి, తువాలు, తాడు. ఒకటి పూర్తిగా వచ్చాకే రెండోది. మొదటిదాన్ని అందరూ బంతి అనే అనాలి. చెల్లి బాల్ అని, నాయనమ్మ బంతి అని, నువ్వు ఇంకోటని అంటే వాడు మీకు దండం పెట్టి వెళ్లిపోతాడు.

కొట్టే సంగతి మీ నాన్నకి విడిగా చెబుతాను గానీ నువ్వూ విను. భారతంలో జనమేజయుడి అన్నదమ్ములు యజ్ఞశాలకి వచ్చిన కుక్కపిల్లని, ఏమీ ముట్టుకోకపోయినా, కొట్టి తరిమారు. దాని తల్లి సరమ వచ్చి జనమేజయుణ్ణి నిలదీసింది, కారణం లేకుండా కొట్టారు గనుక నీకూ అనుకోని భయం వస్తుందని చెప్పి వెళ్లింది. దేవతల కుక్క మాట రాజుకి గుచ్చుకుంది. మన ఇళ్లల్లో కొట్టడానికి ఏదో కారణం ఉంటుంది, కాని కుక్కపిల్లకి ఆ కారణం తెలియదు. రాత్రి తడిపిన చాపకి పొద్దున కొడితే చాపకీ దెబ్బకీ ముడి పడదు, నీకూ దెబ్బకీ పడుతుంది.

దోనె ఎక్కించాలనుకుంటే ముందు ఒడ్డునే బోర్లించిన దోనె మీద ఆడించు, తర్వాత నీళ్లలో కట్టేసిన దానిలో, ఆ తర్వాత కదిలించు. పక్షుల వెంట తరమడం మాత్రం ఆటగా పెట్టకు. గూడబాతులు లేచిపోతుంటే చూడ్డానికి బాగుంటుంది, నాకు తెలుసు. కాని 1999 నుంచి కొల్లేరు అభయారణ్యం, 2002లో అంతర్జాతీయ చిత్తడినేలల రామ్‌సర్ జాబితాకెక్కింది. అదీగాక తరమడం రుచి మరిగిన కుక్కకి బాతు తర్వాత కోడి, కోడి తర్వాత సైకిలు.

మరో మాట. ఫాల్గుణంలో పెద్దింట్లమ్మ జాతర వస్తుంది. డప్పులు, మైకులు, టపాకాయలు, ఊరంతా కొత్త మొహాలు. కుక్కపిల్లకి మూడో వారం నుంచి పద్నాలుగో వారం దాకా మనసు తెరిచి ఉంటుంది, ఆ రోజుల్లో మంచిగా పరిచయమైనవి తర్వాత అంతగా భయపెట్టవు. ఇప్పట్నుంచే ఫోన్‌లో డప్పు చప్పుడు సన్నగా పెట్టి అన్నం గిన్నె ముందుంచు. తింటుంటే రోజుకి కాస్త పెంచు. తినడం ఆపితే ఎక్కువైందని అర్థం, తగ్గించు. జాతర రోజుల్లో జనంలోకి నడిపించొద్దు. పార్వో టీకాలు పూర్తికాలేదు, ఆ జబ్బు నేలమీంచే అంటుకుంటుంది. దూరంగా అరుగుమీద ఒళ్లో కూర్చోబెట్టుకుని చూపించు, వణికితే లోపలికి తీసుకెళ్లు.

సోమవారం బడికి వెళ్లేలోపు కైకలూరు పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లు. గొలుసు వద్దు, బుట్టలో తువాలు పరిచి కూర్చోబెట్టు, జేబులో నాలుగు గుడ్డుముక్కలు ఉంచుకో. డాక్టరుగారు పట్టుకున్నప్పుడు ఒకటి, సూది గుచ్చినప్పుడు ఒకటి, అయిపోయాక రెండు. పార్వో టీకా రెండో డోసు ఎప్పుడో అడుగు. మూడు నెలలు నిండగానే రేబిస్ టీకా, మళ్లీ ఏడాదికి ఇంకోటి. కార్డు పోగొట్టకు. ఈలోగా పాలపళ్లతో చెల్లిని గీరితే ఆటలో తగిలిందిలే అని ఊరుకోకండి, సబ్బుతో ధారగా నీళ్లు పోస్తూ పదిహేను నిమిషాలు కడిగి ఆరోగ్యకేంద్రానికి తీసుకెళ్లండి. పసుపూ కారం అద్దుతానని నాయనమ్మ అంటుంది, ఒప్పుకోకు.

మీ తాతయ్య