వయొలెట్: ఆకుచాటు పూత

సువాసన గల వయొలెట్ (వయోలా ఒడొరాటా) ఐరోపాలో అడవుల అంచున, కంచెల నీడన పెరిగే బహువార్షిక మొక్క. ఎత్తు 10–15 సెంటీమీటర్లు మించదు. ఇంగ్లండులో ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా, పైనున్న చెట్లు ఇంకా చిగురించకముందే పూస్తుంది. పూత వేళ ఎండ, వేసవిలో నీడ దొరకాలి కాబట్టి దీన్ని ఆకురాల్చే చెట్టు కింద నాటుతారు. ఆకుల ఎరువు కలిపిన, తేమ ఆరని నేల కావాలి. నీరు మాత్రం నిలవకూడదు. నేల ఎండితే ఎర్రనల్లి పడుతుంది.

అసలు చిక్కు పోషణలో లేదు. మొక్క నేలబారున కాడలు సాచి, కణుపుకణుపునా వేళ్లూని విస్తరించాలని చూస్తుంది. పూలు కావలసిన తోటమాలి ఆ కాడలను తుంచేస్తాడు. సంరక్షణ అని మనం పిలిచేదానిలో సగం మొక్క స్వభావానికి అడ్డుకట్టే.

పోనీ, ఆ పూలైనా మొక్కకు ముఖ్యమా అంటే అదీ అనుమానమే. చలి వదలని రోజుల్లో పురుగులు అరుదు. వసంతపు పూలలో చాలావరకు గింజ కట్టవు. వేసవిలో ఆకుల చాటున, రేకులు విప్పని మొగ్గలు వస్తాయి. అవి తెరుచుకోకుండానే స్వపరాగ సంపర్కం జరుపుకొని గింజలు నింపుకుంటాయి. ఇలాంటి మూసిన పూల గురించి డార్విన్ 1877 నాటి గ్రంథంలో వివరంగా రాశాడు. గింజకు అంటుకున్న నూనె తునక కోసం చీమలు దాన్ని మోసుకుపోతాయి. పూత అయిపోయిందని తోట మనిషి మొహం తిప్పుకున్నాకే మొక్క అసలు పని మొదలవుతుంది.

పరిమళం తీరూ విచిత్రమే. దాని జీవం అయనోన్లు అనే సమ్మేళనాలు. 1893లో జర్మన్ రసాయనవేత్తలు టీమన్, క్రూగర్ అయనోన్‌ను ప్రయోగశాలలో తయారుచేశారు. ముక్కు దీనికి ఇట్టే అలవాటుపడిపోతుంది. వాసన పోయిందనిపించి, కాసేపటికి మళ్లీ తగులుతుంది. పువ్వు వాసన మానలేదు, మానింది ముక్కు.

తనంత తానే గింజ కట్టే ఈ మొక్కకు ముద్దరేకుల పార్మా వయొలెట్ల కథ భిన్నం. అవి సాధారణంగా గింజ కట్టవు, మంచుకూ ఓర్వలేవు. ఫ్రాన్సులో తులూజ్ నగరానికి పేరు తెచ్చిన వయొలెట్లు ఈ రకానివే. కాడలు విడదీసి నాటే చెయ్యి ఆగితే వాటి వంశమూ ఆగుతుంది. వీటి విషయంలో సంరక్షణ అన్న మాటకు పూర్తి అర్థం ఉంది.

వేసవిలో 40 డిగ్రీలు దాటే తెలుగు మైదానాల్లో వయొలెట్ నాటడం వృథా ప్రయాస. ఇక్కడ దాన్ని ఎండు పూలుగా, గులె బనఫ్షా పేరుతో, యునానీ మందుల దుకాణాల్లో చూడవచ్చు. నర్సరీల్లో దొరికే ఆఫ్రికన్ వయొలెట్‌కు దీనితో చుట్టరికం లేదు. అది టాంజానియా కొండల నుంచి వచ్చిన వేరే కుటుంబపు మొక్క. నిజమైన చుట్టం రత్నపురుష. ఒక్క రేకే పెద్దదిగా విప్పే ఈ చిన్న మొక్క వానలు పడ్డాక మన పొలాల గట్లమీద, బీళ్లలో ఎవరూ నాటకుండానే మొలుస్తుంది.