అరగంట ఎవరిది?

మా అబ్బాయికి మాటలు ఆలస్యంగా వచ్చాయి. ఒకటో తరగతికొచ్చేసరికి చదవడంలోనూ వెనకబడ్డాడు. ఇక్కడ టెక్సాస్‌లో ఇలాంటి పిల్లల గురించి బడివాళ్లూ తల్లిదండ్రులూ కూర్చుని నిర్ణయించే సమావేశాన్ని ‘ఆర్డ్ మీటింగ్’ అంటారు. చట్టం చదువుకుని, ఫైలు పట్టుకుని, క్లయింటు దగ్గరికి వెళ్లినట్టే వెళ్లాను. రోజూ అరగంట సహాయకురాలు మావాడి పక్కనే కూర్చునేలా కాగితం మీద రాయించుకునిగానీ లేవలేదు. ఆ రాత్రి మా ఆవిడ పాయసం చేసింది.

నెల తిరక్కుండానే ఒక శుక్రవారం వలంటీరుగా ఆ క్లాసులో కూర్చున్నాను. ఇరవై నలుగురు పిల్లలు, ఒక టీచరు. ఏడ్చేవాడి దగ్గరికి ఒకసారి, కుర్చీ ఎక్కినవాడి దగ్గరికి రెండుసార్లు వెళ్లారావిడ. కిటికీ పక్కన ఒక పాప, పక్కవాళ్లు పేజీ తిప్పిన చప్పుడు విని తనూ తిప్పుతోంది. చదవడం రాదని ఎవరికీ తెలియకుండా ఉండటానికి ఎంత కష్టపడుతోందో! ఆ గంటలో ఆ పాప దగ్గరికి ఎవరూ వెళ్లలేదు. ఇదివరకు సహాయకురాలు ఆ అరగంటా అలాంటి నలుగురైదుగురి మధ్య తిరిగేదట. టీచరు నన్ను తప్పు పట్టలేదు, టైంటేబుల్ చెప్పినట్టు చెప్పారు.

ఎమ్మెస్‌లో ఆపరేటింగ్ సిస్టమ్స్ చదివేటప్పుడు ‘స్టార్వేషన్’ అని ఒక పాఠం ఉండేది. ప్రాధాన్యం ఎక్కువున్న పనులు వస్తూనే ఉంటే, తక్కువున్న పనికి ఎప్పటికీ వంతు రాదు. దానికి విరుగుడు, ఎదురుచూసినకొద్దీ దాని ప్రాధాన్యం పెంచుకుంటూ పోవడం. బడిలో అంతా తలకిందులు. ఎంతకాలం నోరెత్తకుండా కూర్చుంటే అంత బుద్ధిమంతురాలంటాం.

మా ఊళ్లో రెండో తరగతిలో అరవైమందిమి. ముందు వరసలో ఉన్నాను కనక మేష్టారు నాకు లెక్కలు చెప్పారు. చివరి వరసలో ఒకడు ఏడాదంతా పలక తుడుచుకుంటూ గడిపి, మరుసటేడు గేదెల వెంట వెళ్లిపోయాడు. నాది తెలివి, వాడిది మొద్దుతనం అనుకున్నాను. చాలా ఏళ్లు అలాగే అనుకున్నాను. ముప్పైమందికి ఒక టీచరుండాలని మన దేశంలో చట్టం వచ్చేసరికి 2009 అయింది.

టెనసీ రాష్ట్రంలో 1985 నుంచి నాలుగేళ్లపాటు ‘స్టార్’ అనే ప్రయోగం చేశారు. చిన్నపిల్లల్ని చీటీలు వేసినట్టు పంచి, కొందరిని 13–17 మంది ఉన్న తరగతుల్లోనూ, మిగతావాళ్లని 22–25 మంది ఉన్నవాటిలోనూ వేశారు. చిన్న తరగతుల పిల్లలు బాగా చదివారు. పేదపిల్లలకీ, నల్లజాతి పిల్లలకీ ఆ లాభం ఇంకా ఎక్కువ. పెద్ద తరగతుల్లో కొన్నిటికి సహాయకుల్ని ఇచ్చి చూస్తే మాత్రం పెద్దగా తేడా రాలేదు. నేను పోట్లాడి తెచ్చుకున్నది ఆ సహాయకురాలినే!

టెక్సాస్ చట్టం ప్రకారం చిన్న తరగతుల్లో 22 మందికి మించకూడదు. కానీ అడిగితే మినహాయింపు దొరుకుతుంది. మా బడికి దొరికిందని ఉత్తరం వచ్చింది కూడా. అది మావాడి సంగతి కాదనుకుని చెత్తబుట్టలో వేశాను. కొడుకు వాటా కోసం మూడు రాత్రులు మేలుకున్నవాణ్ణి, దానికి మూడు నిమిషాలు పెట్టలేదు.

ఇదంతా చెబితే మా ఆవిడ, “అయితే వాడి అరగంట వదిలేస్తారా?” అంది.

“వదల్ను,” అన్నాను. ఆలోచించకుండానే అన్నాను.

ఈ ఏడు మళ్లీ మినహాయింపు అడగబోతున్నారు. బోర్డు సమావేశం గురువారం సాయంత్రం. వచ్చినవాళ్లకి తలా మూడు నిమిషాలు మాట్లాడ్డానికి ఇస్తారట. పేరు ఇచ్చి వచ్చాను.